టోక్యో పాతకాలపు సుషి దుకాణాలు: ఒక విశాఖ వాసి బేరీజు

టోక్యో వెళ్తున్నాం, సుషి (పులుపు కలిపిన అన్నానికి చేపను జోడించి ఇచ్చే జపాన్ తిండి) ఎక్కడ తినమంటారని అడిగే మిత్రులకు విడివిడిగా జవాబు రాయడం కంటే అన్నీ ఒకేచోట వివరంగా రాసిపెట్టడం మేలనిపించింది. విశాఖపట్నంలో రొయ్యల ఎగుమతి వ్యాపారంలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగం నాది. జపాన్ కొనుగోలుదారులతో పని మీద టోక్యో వెళ్ళినప్పుడు పగలంతా కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు), గ్లేజింగ్ (రొయ్య మీద ఐసు పూత), యాంటీబయాటిక్ పరీక్షల చర్చలతో గడిచిపోయినా, సాయంత్రం వాళ్ళు తీసుకువెళ్ళిన దుకాణంలోనో, నేనే వెతుక్కున్న దుకాణంలోనో సుషి ముందు కూర్చోవడం అలవాటయింది. ఇక్కడ నేను పోలుస్తున్నది తరాలుగా ఒకే పద్ధతిని పట్టుకుని నడుస్తున్న దుకాణాలను, ఆ పద్ధతికి వారసులమని చెప్పుకునే దుకాణాలను మాత్రమే. బెల్టు మీద పళ్ళేలు తిరిగే దుకాణాల ప్రయోజనం వాటికి ఉంది కానీ, అవి 1958లో ఒసాకా పక్కన పుట్టిన వేరే వ్యాపారం. వాటిని ఈ లెక్కలో కలపడం సరికాదు.

మన ఊరివాళ్ళకు చేపను కొలిచే కొలత ఒక్కటే, తాజాదనం. ఫిషింగ్ హార్బర్‌లో వేలం దగ్గర మొప్ప ఎత్తి ఎరుపు చూస్తాం, కన్ను ఉబ్బి మెరుస్తోందా లేక లోపలికి పోయిందా అని చూస్తాం, వేలితో నొక్కి గుంట నిలుస్తోందా అని చూస్తాం. పులుసు పెట్టుకునే చేపకు ఆ కొలత చాలు. టోక్యోలోని పేరున్న సుషి దుకాణాలకు మాత్రం అది చాలదు, ఎందుకంటే దాదాపు అందరూ కొనేది ఒకే టోకు మార్కెట్‌లో, ఒకే ఉదయం వచ్చిన సరుకును. తాజాదనంతోనే తూచితే అన్ని దుకాణాలూ ఒకే బరువు తూగుతాయి. వాటి మధ్య అసలు తేడా ఉన్నది చేప కొన్న తరువాత దానికి చేసే పనిలోను, దాని కింద ఉండే అన్నంలోను. ఆ రెండూ చూడకుండా చేసిన పోలిక ధరల పట్టికకు మించి ఏమీ చెప్పదు.

ఈ పని ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పాలి. ఇప్పుడు మనం చూసే నిగిరి సుషి, అంటే చేతిలో ఒత్తిన అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టేది, 1820ల్లో ఎడో నగరంలో, అంటే నేటి టోక్యోలో, రూపుదిద్దుకుంది. ర్యోగొకు ప్రాంతంలో దుకాణం నడిపిన హనాయా యోహేయి (1799–1858) దానికి ఆద్యుడని సాధారణంగా చెబుతారు. అంతకు ముందు చేపకు ఉప్పు పట్టించి, అన్నంలో పెట్టి నెలల తరబడి పులియబెట్టేవారు. అన్నంలో వెనిగర్ కలపడంతో ఆ నిరీక్షణ తగ్గింది, చేతిలో ఒత్తి అప్పటికప్పుడు ఇచ్చే తిండి తయారైంది. అయితే అది ఐసు లేని కాలం. ఎడో అఖాతంలో పొద్దున పట్టిన చేపను రాత్రి బండి దగ్గర అమ్మాలంటే దానికి ఏదో ఒకటి చేయక తప్పదు. చిన్న చేపకు ఉప్పు వేసి వెనిగర్‌లో ఊరబెట్టేవారు, ట్యూనాను సోయా సాస్‌లో నానబెట్టేవారు, పాములా పొడవుగా ఉండే ఈల్ చేపను, గవ్వలను ఉడికించేవారు, రొయ్యను మరిగే నీళ్ళలో వేసి తీసేవారు. ఎడోమాయె అని పిలిచే టోక్యో సంప్రదాయం అంటే నిజానికి ఈ పనుల సముదాయమే. పచ్చి చేప ముక్కను అన్నం మీద పెట్టి ఇవ్వడం అందులో ఒక భాగం మాత్రమే, అదీ రిఫ్రిజిరేటర్ వచ్చాక పెరిగిన భాగం.

ఫ్రిజ్ వచ్చిన తరువాత కూడా ఆ పనులు ఎందుకు మిగిలాయన్నది సహజమైన ప్రశ్న. దీనికి శాస్త్రపరమైన కారణం ఉంది. చేప చనిపోయిన తరువాత కండరంలోని ఏటీపీ, అంటే కణాలకు శక్తినిచ్చే పదార్థం, క్రమంగా విడిపోయి ఇనోసినిక్ ఆమ్లంగా మారుతుంది. మనకు కమ్మదనంగా తెలిసే రుచిలో పెద్ద భాగం దానిదే. అప్పుడే చచ్చిన చేప బిరుసుగా, నమలడానికి బాగుంటుంది కానీ రుచి పలచగా ఉంటుంది. అందుకే ట్యూనా లాంటి పెద్ద చేపను రోజుల తరబడి, కొందరు వారాల తరబడి, చల్లని పెట్టెలో కాగితం చుట్టి మాగబెడతారు. చేపను పట్టగానే మెదడులో పొడిచి, వెన్నులోకి సన్నని తీగ దింపి నరాన్ని చంపే ఇకెజిమె పద్ధతి కూడా ఈ మార్పును నెమ్మదింపజేసి, ఏ రోజున కోస్తే సరిగ్గా ఉంటుందన్న నిర్ణయాన్ని సుషి చేసే మేస్త్రీ చేతిలో పెట్టడానికే. బుట్టలో ఐసు మధ్య కొట్టుకుని చచ్చిన చేపకు ఈ అవకాశం ఉండదు.

ఇక దుకాణాల సంగతి. వయసు ప్రకారం మొదట చెప్పవలసింది కాందా ప్రాంతంలోని ససామాకి కెనుకిజుషి. 1702లో మొదలైన దుకాణం ఇది, అంటే నిగిరి సుషి కన్నా వందేళ్ళకు పైగా పెద్దది. ముళ్ళను పట్టకారుతో ఏరిన చేపను ఉప్పులోను, వెనిగర్‌లోను రోజుల తరబడి ఊరబెట్టి, చిన్న అన్నం ముద్దతో కలిపి వెదురు జాతి ఆకులో గట్టిగా చుట్టి ఇస్తారు. ఎక్కువమంది కట్టించుకుని తీసుకువెళ్తారు. ఆకు విప్పి మొదటి ముక్క నోట్లో పెట్టుకుంటే ఊరిన నిమ్మకాయ పచ్చడి తగిలినట్టు దవడ జివ్వుమంటుంది. సుషి అంటే మెత్తగా, తియ్యగా కరిగిపోయే పదార్థం అనుకుని వెళ్ళినవారికి ఇది నచ్చకపోవచ్చు. నాకు మాత్రం టోక్యోలో దిగినవాళ్ళు ముందుగా తినవలసింది ఇదే అనిపిస్తుంది. మిగతా దుకాణాల్లో మృదువుగా దాగి ఉన్న ఉప్పు, పులుపు ఇక్కడ ఏ మొహమాటమూ లేకుండా కనిపిస్తాయి కనుక, తరువాత తినేవాటిలో ఆ రెండూ ఎక్కడున్నాయో నాలుక పట్టుకోగలుగుతుంది. ఒక పూట భోజనంగా కాకుండా ఒక చిన్న పొట్లంగా తీసుకోండి.

అసాకుసాలో సెన్సోజీ ఆలయం పక్కనే ఉన్న బెంటెన్‌యామా మియాకోజుషి 1866 నాటిది, జపాన్ ఆధునికీకరణ మొదలైన మెయిజీ యుగానికి రెండేళ్ళ పెద్ద. పాత పనులన్నీ ఒకే చోట చూడాలంటే నేను ఎవరికైనా సూచించే దుకాణం ఇదే. ఇక్కడ ఆగి, కొహాదా గురించి కొంత వివరంగా రాయాలి, ఎందుకంటే ఒక దుకాణాన్ని ఇంకొక దుకాణంతో పోల్చడానికి దీనికి మించిన ముక్క లేదని నా నమ్మకం. కొహాదా మన కవళ్ళకు దగ్గరి బంధువైన చిన్న చేప. ముళ్ళు ఎక్కువ, పచ్చిగా రుచి తక్కువ, వేడి చేస్తే వాసన. అటువంటి చేపను చీల్చి పరిచి, ఉప్పు చల్లి, కడిగి, వెనిగర్‌లో ముంచి, నీరు ఓడ్చి, ఒకటి రెండు రోజులో ఇంకా ఎక్కువో ఆరనిస్తారు. ఉప్పులో ఎంతసేపు, వెనిగర్‌లో ఎంతసేపు అన్నది చేప పరిమాణాన్ని బట్టి, ఆ కాలంలో దానికి పట్టిన కొవ్వును బట్టి, ఆ రోజు వాతావరణాన్ని బట్టి మారుతుంది. పుస్తకంలో రాసిపెట్టుకున్న నిమిషాలు పనికిరావు. బల్ల మీదికి వచ్చేసరికి దాని చర్మం వెండి రేకు మీద నల్లని చుక్కలు వరుసలు తీర్చినట్టు మెరుస్తూ ఉంటుంది, అంచుల్లో కండ కొద్దిగా తెల్లబారి, మధ్యలో ఇంకా గులాబీ ఛాయ మిగిలి ఉంటుంది. నోట్లో ముందు ఉప్పు, వెంటనే పులుపు, ఆ రెండూ తగ్గుతుండగా చేప కొవ్వు, చివర అన్నం తీపి, ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. పని సరిగా లేనిచోట ఈ నాలుగూ ఒకేసారి మీద పడతాయి, లేదా పులుపు ఒక్కటే మిగులుతుంది.

ఇదే చేప పిల్లను షింకో అంటారు, వేసవిలో, ముఖ్యంగా జులై, ఆగస్టు నెలల్లో వస్తుంది. అంత చిన్న చేపలు రెండో, మూడో, నాలుగో కలిపితే గాని ఒక ముక్కకు సరిపోవు, ప్రతి ఒక్కదానినీ విడిగా చీల్చి శుభ్రం చేయాలి. మొదటి సరుకు ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. పెద్దదైపోయిన చేప మాత్రం ఎవరికీ అక్కరలేదు, చౌకగా పోతుంది. మా వ్యాపారంలో కిలోకు కౌంటు తగ్గేకొద్దీ, అంటే రొయ్య పెద్దదయ్యేకొద్దీ, ధర పెరుగుతుంది కనుక ఈ తలకిందుల లెక్క మా కొనుగోలుదారు వివరించినప్పుడు నాకు భలే తమాషాగా అనిపించింది.

కొహాదా తరువాత చూడవలసినవి అనాగో, గుడ్డు. అనాగో సముద్రపు ఈల్. మెత్తగా ఉడికించి, ఉడికించిన నీటినే చిక్కబరిచి చేసిన తీపి సాస్‌ను పైన రాస్తారు. మంచి చోట అది వేళ్ళతో ఎత్తుతుండగానే విరిగిపోయేంత మృదువుగా ఉంటుంది, అయినా ముద్దగా మారదు. గుడ్డు విషయంలో పాత పద్ధతి ఏమిటంటే, రొయ్యనో తెల్ల చేపనో మెత్తగా రుబ్బి గుడ్డులో కలిపి, సన్నని సెగ మీద చాలాసేపు కాల్చడం. కోస్తే లోపల పొరలు లేకుండా, కేకు ముక్కకు దగ్గరగా ఉంటుంది. ఈ శ్రమ మానేసి పొరలు చుట్టిన మామూలు ఆమ్లెట్ ఇచ్చే దుకాణాలు ఇప్పుడు ఎక్కువ. అది రుచిగా లేదని అనను, కానీ పాత పద్ధతి పేరు చెప్పుకుని గుడ్డు దగ్గర చేయి దులుపుకునే చోటును నేను ఒక మెట్టు కిందికి దించుతాను.

నిహోన్‌బాషి ప్రాంతాన్ని త్వరగా ముగిస్తాను, తక్కువదని కాదు, ఇప్పటిదాకా చెప్పిన గుణాలే ఇక్కడా ఉన్నాయి కనుక. 1923 మహాభూకంపం వరకు నగరపు చేపల మార్కెట్ ఈ ప్రాంతంలోనే ఉండేది. తరువాత అది 1935లో త్సుకిజీలో, 2018 అక్టోబరులో తొయోసులో స్థిరపడింది కానీ, పాత సుషి దుకాణాలు కొన్ని ఇక్కడే మిగిలాయి. 1879లో మొదలైన యోషినోజుషి, 1889లో మొదలైన జానొయిచి వాటిలో ముఖ్యమైనవి. ట్యూనా పొట్ట భాగపు కొవ్వు ముక్కకు తోరో అన్న పేరు యోషినోజుషిలోనే పుట్టిందని చెబుతారు. ఒకప్పుడు ఆ భాగాన్ని పారేసేవారన్న సంగతి, ఇవాళ దానికి పెట్టే ధర చూసినవారెవరూ సులభంగా నమ్మరు. కార్యాలయాల మధ్య ఉన్న ప్రాంతం కనుక ఇక్కడ మధ్యాహ్న భోజనం ఖరీదైన గింజా ప్రాంతంతో పోలిస్తే జేబుకు బరువు కాదు, వాతావరణం కూడా బిగుసుకుపోయినట్టు ఉండదు. సూటు వేసుకున్న పెద్దమనుషులు పది ముక్కలు తిని, టీ తాగి, లేచి వెళ్ళిపోతుంటారు. ఆ పది ముక్కల లెక్కకు కూడా చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధానంతరం ఆహార కొరతతో 1947లో భోజనశాలలను కట్టడి చేసినప్పుడు, కొనేవారు సుమారు 150 గ్రాముల బియ్యం తెచ్చి ఇస్తే దానికి బదులుగా పది సుషి ముక్కలు చేసి ఇచ్చే ఏర్పాటును టోక్యో సుషి వర్తకులు సాధించుకున్నారు. అంతకు ముందు ముక్కలు ఇంకా పెద్దవి.

గింజాలో పాతదానికీ వైభవానికీ మధ్య నిలిచిన దుకాణం క్యూబే, 1935 నాటిది. అన్నం చుట్టూ సముద్రపు పాచి రేకు గోడలా నిలబెట్టి, లోపల చేప గుడ్లు పోసే గుంకన్ సుషి ఇక్కడే 1941లో మొదలైందని విస్తృతంగా చెబుతారు. కుండల కళలోను, భోజనప్రియత్వంలోను ప్రసిద్ధుడైన కితావోజి రొసాన్‌జిన్ (1883–1959) ఈ దుకాణానికి ఆప్తుడు. విదేశీయులను ఆదరంగా చూసే చోటు కనుక మొదటిసారి కౌంటర్ ముందు కూర్చునేవారికి బెరుకు ఉండదు. ఇక్కడ చాలామంది ఫొటో తీసుకునేది బతికి ఉన్న కురుమా రొయ్యను. మేస్త్రీ చేతిలో ఎగిరే రొయ్యను రెండు కదలికల్లో ఒలిచి అన్నం మీద పెడితే కండ ఇంకా అదురుతూ ఉంటుంది. దాని తలను తరువాత ఉప్పు చల్లి కాల్చి తెచ్చిపెడతారు, అది అద్భుతం.

రొయ్యలవాడిగా ఈ విషయంలో నాకు ఒక అభిప్రాయం ఉంది. అదిరే పచ్చి రొయ్య చూడటానికి వేడుకే, తినడానికి మాత్రం ఉడికించిన రొయ్యే గొప్ప. పచ్చి రొయ్యలో బిగువు తెలుస్తుంది, తీపి అంతగా తెలియదు. అదే రొయ్యను వంకర తిరగకుండా పొట్ట వెంట సన్నని వెదురు పుల్ల గుచ్చి, మరిగే నీళ్ళలో వేసి, మధ్య భాగం అప్పుడే గట్టిపడుతుండగా తీసి, పొట్టు ఒలిచి, గోరువెచ్చగా ఉండగానే ఇస్తే ఎరుపు, తెలుపు పట్టీలు తేటగా కనిపిస్తాయి, తీపి రెట్టింపవుతుంది. సంప్రదాయం ప్రకారం కూడా ఎడోమాయె రొయ్య అంటే ఉడికినదే. ముందే ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టిన రొయ్యను ఇచ్చే దుకాణానికీ, మనం కూర్చున్నాక ఉడికించే దుకాణానికీ తేడాను మొదటి కొరుకులోనే చెప్పవచ్చు. మా ఫ్యాక్టరీల్లో వనామీ రకం చెరువు రొయ్యను ఉడికించి, చీల్చి, ట్రేల్లో పేర్చి గడ్డకట్టించే సరుకుకు వ్యాపారంలో సుషి ఎబి అనే పేరు. అది చవక దుకాణాల అవసరం తీర్చే నిజాయితీ గల సరుకు, దీనితో పోటీకి వచ్చేది కాదు. ఇంకొక మాట కూడా చెప్పాలి. మొతొసాకు ఫుజినాగా అనే శాస్త్రవేత్త 1934లో గుడ్లు పెట్టించి పిల్లలను పెంచడం మొదలుపెట్టింది ఈ కురుమా రొయ్యతోనే. భీమవరం నుంచి భోగాపురం దాకా మన తీరంలో ఎన్ని కుటుంబాలకు అన్నం పెడుతున్న హేచరీ విద్యకు మూలం అక్కడ ఉంది. అందుకే క్యూబే కౌంటర్ ముందు ఆ రొయ్యను చూసినప్పుడు నాకు కలిగే ఆసక్తి మామూలు పర్యాటకుడిది కాదు.

తొయోసు మార్కెట్ ఆవరణలోని సుషి దాయ్, దాయ్‌వా సుషి దుకాణాలు త్సుకిజీ రోజుల నుంచి పేరు పడ్డవి, మార్కెట్‌తో పాటే కొత్త చోటికి మారినవి. తెల్లవారకముందే వరుస మొదలవుతుంది, మార్కెట్ సెలవు దినాల్లో, అంటే ఆదివారాల్లోను, కొన్ని బుధవారాల్లోను, వెళ్తే తాళం చూసి రావలసి ఉంటుంది. మన ఊరివాళ్ళలో చాలామందికి టోక్యోలో అన్నిటికన్నా నచ్చేది ఈ తరహా దుకాణాలేనని నాకు తెలుసు, దానికి కారణం కూడా తెలుసు. ముక్క మందంగా, అన్నాన్ని కప్పేసేంత వెడల్పుగా ఉంటుంది, చేపకు పని తక్కువగా చేస్తారు, కోసిన చేప కోసినట్టే తాజాగా నాలుక మీద పడుతుంది. హార్బర్ కొలతతో కొలిస్తే మొదటి మార్కు వీటికే. అది తప్పుడు కొలత కాదు. అయితే అక్కడ తిన్నాక అసాకుసాలోనో, నిహోన్‌బాషిలోనో తింటే తప్ప, అన్నం ఎంత వెనుకబడి ఉండిపోయిందో తెలియదు. గంటల తరబడి వరుసలో నిలబడటం గురించి మాత్రం నాకు సదభిప్రాయం లేదు. అదే సమయానికి నగరంలో ఇంకొక చోట ప్రశాంతంగా కూర్చుని మధ్యాహ్న భోజనం చేయవచ్చు.

అన్నం గురించి ఇప్పుడు చెప్పక తప్పదు. బియ్యం అమైలోజ్ (గింజలు విడివిడిగా ఉండేలా చేసే పిండి పదార్థం) తక్కువ ఉన్న పొట్టి రకం కనుక గింజకు గింజ అంటుకుంటుంది. మన బీపీటీ 5204తో, అంటే సాంబ మసూరి బియ్యంతో, ఇంట్లో ప్రయత్నించేవారికి విడిపోయేది అందుకే. చేతిలో ఒత్తినప్పుడు పైన కలిసి, లోపల గాలి ఉండి, నోట్లో పెట్టగానే విడిపోవాలి. వేడి మనిషి ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి, చల్లబడిన అన్నం మీద ఎంత ఖరీదైన చేప పెట్టినా వృథా. ఇక వెనిగర్ రెండు రకాలు. బియ్యపు మద్యమైన సాకే తీసిన పిప్పిని ఏళ్ళపాటు నిలవ ఉంచి చేసే ఎర్ర వెనిగర్‌ను 1804లో హాందా పట్టణంలో వ్యాపారం మొదలుపెట్టిన నకానో మతజాయెమొన్ ఎడోకు పంపి ప్రాచుర్యంలోకి తెచ్చాడు. యుద్ధానంతరం తెల్లని అన్నం మీద మోజు పెరిగి, తెల్ల వెనిగర్, పంచదార రాజ్యమేలాయి. ఇటీవలి దశాబ్దాల్లో చిన్న కౌంటర్లు నడిపే యువ మేస్త్రీలు ఎర్ర వెనిగర్‌ను తిరిగి తెచ్చారు. లేత గోధుమ రంగు అన్నం కనిపిస్తే అదే. అటువంటి అన్నం మాగిన ట్యూనాతో అమోఘంగా కలుస్తుంది, సున్నితమైన తెల్ల చేపను మాత్రం మింగేస్తుంది. ఎర్ర వెనిగర్ ఉంటే చాలు అసలైన సంప్రదాయమే అనుకునే ఫ్యాషన్ ఒకటి బయలుదేరింది కానీ, దానితో నేను ఏకీభవించను. అన్నం ఘాటు పెంచిన మేస్త్రీ దానికి దీటుగా చేపను కూడా మాగబెట్టాలి, లేకపోతే జోడీ కుదరదు.

నక్షత్రాల జాబితాలను పట్టుకుని దుకాణం ఎంచుకోవడం ఎంత అర్థరహితమో చెప్పడానికి సుకియాబాషి జిరో ఒక్కటి చాలు. గింజాలో నేలమాళిగలో ఉండే ఆ చిన్న దుకాణానికి 2007 నుంచి మిచెలిన్ అనే భోజనశాలల గైడు ఇచ్చిన మూడు నక్షత్రాలు ఉండేవి. 2019లో జాబితా నుంచి తొలగించారు, రుచి తగ్గినందుకు కాదు, సామాన్యులు ఫోను చేసి చోటు రిజర్వు చేసుకునే వీలు లేనందుకు. అలాగే కొత్త సంవత్సరపు తొలి వేలంలో పలికే ధరలు కూడా రుచికి కొలమానం కావు. 2019 జనవరిలో 278 కిలోల ట్యూనా ఒకటి 33.36 కోట్ల యెన్‌లు పలికింది, కొన్నది ఒక సుషి దుకాణాల గొలుసు యాజమాన్యం. అది ప్రకటన ఖర్చు కింద రాసుకోవలసిన సొమ్ము. ఖర్చు మాటకు వస్తే, గింజాలో రాత్రిపూట మేస్త్రీ ఇష్టానికి వదిలేసే భోజనం 30 వేల యెన్‌లు, అంటే సుమారు 17 వేల రూపాయలు, దాటడం ఇప్పుడు మామూలు. అదే దుకాణాలు చాలావరకు మధ్యాహ్నం అందులో సగానికో, అంతకన్నా తక్కువకో పెడతాయి. అన్నం అదే, కొహాదా అదే. తగ్గేది ముక్కల సంఖ్య, సముద్రపు ముళ్ళకాయ గుడ్ల వంటి ఖరీదైన సరుకు. నేను మధ్యాహ్నానికే ఓటు వేస్తాను.

ఇదంతా చదివి, మన సముద్రంలో దొరికే చేపతో విశాఖలోనే చేయలేమా అని అడిగేవారు ఉంటారు. మన బోట్లు పట్టే రెక్క సూర, అంటే పసుపు రెక్కల ట్యూనా, నిజంగానే మంచి చేప. "ఏటి బాబూ, జపానోళ్ళు సూరని పచ్చిగానే తినేత్తారంట కదా, ఆళ్ళకి కడుపులో పురుగులు పట్టవేటి?" అని హార్బర్‌లో ఒక సరంగు నన్ను అడిగాడు. "సూరలో పురుగు భయం తక్కువ బాబాయ్, ఐసు తగ్గితేనే భయం" అన్నాను. వివరంగా చెప్పాలంటే, పట్టిన వెంటనే చల్లబరచని ట్యూనాలో, తిన్నవారికి అలెర్జీ లాంటి బాధ కలిగించే హిస్టమిన్ పేరుకుంటుంది. తరువాత గడ్డకట్టించినా, వండినా అది పోదు. కానాగంత వంటి చేపలతో అనిసాకిస్ అనే పురుగు ప్రమాదం ఉంది. వెనిగర్‌లో ఊరబెడితే అది చావదు. లోపలి దాకా మైనస్ 20 డిగ్రీల్లో కనీసం 24 గంటలు ఉంచాలని జపాన్ ఆరోగ్య శాఖ చెబుతుంది. పైగా ట్యూనా ఎర్రగా నిలవాలంటే మామూలు కోల్డ్ స్టోరేజి చల్లదనం చాలదు, మైనస్ 60 దగ్గర ఉంచాలి. లేకపోతే కండ గోధుమ రంగుకు తిరుగుతుంది. పడవ మీద చంపే తీరు నుంచి మేస్త్రీ కత్తి దాకా ఈ గొలుసు ఎక్కడా తెగకూడదు. అది ఏర్పడేవరకు హార్బర్‌లో కొన్న చేపను ఇంట్లో పచ్చిగా తినే సాహసం చేయవద్దని మా వృత్తి తరఫున గట్టిగా చెబుతున్నాను. సూరను మన పద్ధతిలో వేపుడు చేసుకుంటే దానికేమీ లోటు లేదు.

వెళ్ళేవారికి కొన్ని ఆచరణ సంగతులు. కౌంటర్ ముందు కూర్చున్నప్పుడు మేస్త్రీ సాధారణంగా సోయా సాస్‌ను కుంచెతో తానే రాసి ఇస్తాడు కనుక మళ్ళీ ముంచనక్కరలేదు. చేత్తో తినడం అక్కడ మర్యాదే, మనకు ఇంకేం కావాలి! పెట్టిన ముక్కను ఫొటోల కోసం ఆరబెట్టకుండా వెంటనే తినాలి. అత్తరు, సెంటు రాసుకుని వెళ్ళకూడదు. శాకాహారులైన పెద్దవాళ్ళను వెంట తీసుకువెళ్ళేవారు దోసకాయ చుట్ట, ఊరబెట్టిన ముల్లంగి చుట్ట అడగవచ్చు. ఎండబెట్టిన సొరకాయను సోయాలో ఉడికించి చుట్టేది కూడా దొరుకుతుంది కానీ, కొన్ని చోట్ల దాన్ని చేపనీళ్ళలో ఉడికిస్తారు కాబట్టి ముందే అడిగి తెలుసుకోవాలి. సూప్ దాదాపు ఎక్కడైనా చేపనీళ్ళతోనే. మద్యం ముట్టనివారు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి, ఆ కుంచెతో రాసే సాస్‌లో సాకే గాని, మిరిన్ అనే తియ్యని బియ్యపు మద్యం గాని మరిగించి కలుపుతారు. చిన్న కౌంటర్లలో చోటు హోటల్ వాళ్ళ ద్వారా ముందుగా రిజర్వు చేయించుకుని, అలెర్జీలు, తిననివి అప్పుడే చెప్పించాలి. రిజర్వు చేసుకుని వెళ్ళకపోవడం అక్కడ పెద్ద అమర్యాద, చాలాచోట్ల మొత్తం డబ్బు వసూలు చేస్తారు.

రెండు పూటలే తీరిక ఉన్నవారు ఒక మధ్యాహ్నం అసాకుసాకు, మరొక మధ్యాహ్నం గింజాకు వెళ్ళండి. మూడో పూట దొరికితే తొయోసు. ఆగస్టులో వెళ్ళేవారు షింకో ఉందా అని అడగడం మరచిపోవద్దు, డిసెంబరు, జనవరిలో వెళ్ళేవారు కొవ్వు పట్టిన ట్యూనాకు డబ్బు దాచుకోండి. ఏ నెలలో వెళ్ళినా, ఎక్కడ కూర్చున్నా, మొదట కొహాదా అడగండి. అది బాగుంటే మిగతాది మేస్త్రీకి వదిలేయవచ్చు. బాగోకపోతే ఇంకో రెండు ముక్కలు తిని, బిల్లు అడిగి లేచిపోవచ్చు.